చవక మందు ఎవరికి చవక?

"అత్తయ్యా, ఒక్క చుక్క రుచి చూడండి, ఏం కాదు" అంటూ అల్లుడు గ్లాసు నా ముందుకి జరిపాడు. నేనేమంటానోనని మా అమ్మాయి నా మొహంలోకే చూస్తోంది. స్కాట్లండ్ రాజధాని ఎడిన్‌బరోలో, రోజ్ స్ట్రీట్‌లో ఓ పబ్బులో కూచున్నాం. 58 ఏళ్ళ వయసులో పబ్బులో అడుగు పెడతానని కలలోనైనా అనుకున్నానా?

నిజం చెప్పొద్దూ, నాకు బాగానే ఉంది. పక్క బల్ల దగ్గర నా ఈడు ఆడవాళ్ళు నలుగురు బజారు సంచులు కింద పెట్టుకుని కబుర్లలో పడ్డారు. వాళ్ళని ఎవరూ వింతగా చూడటంలేదు. నా చీరనీ చూడలేదు. విస్కీని 25 మిల్లీలీటర్లు కచ్చితంగా కొలిచి పోశారు. ఓక్ పీపాల్లో కనీసం 3 ఏళ్ళు మగ్గితేగానీ దాన్ని స్కాచ్ అనకూడదని చట్టం. నాలుగు నీటిచుక్కలు కలిపి నాలిక మీద వేసుకున్నాను. ముందు పొగవాసన, తర్వాత సన్నటి తీపి. బావుంది.

కానీ గ్లాసు చేత్తో పట్టుకోగానే మా నాయన గుర్తొచ్చాడు. నెల్లూరు జిల్లాలో మా ఊళ్ళో ఆయన సారాకొట్టు నుంచి వచ్చేలోపు అమ్మ కూలిడబ్బులు బియ్యం డబ్బాలో దాచేది. దొరికిన రోజు డబ్బులు పోయేవి, దొరకని రోజు దెబ్బలు పడేవి. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారాకొట్టు మూయించారని తెలియగానే మా అమ్మ కూడా చీపురు పట్టుకుని బయల్దేరింది. అలాంటి వాళ్ళ వల్లే 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో మద్యనిషేధం ఎత్తేశారు.

'ఆ తల్లి కూతురివై ఉండి పబ్బులో కూచుంటావా?' అని మీరు అడగొచ్చు. నన్నూ ఆ ప్రశ్నే వేధించింది.

బ్రిటన్‌లోనైనా ఆడవాళ్ళకి ఈ చోటు ఊరికే దక్కలేదు. లండన్‌లో ఎల్ వినో అనే వైన్ బారులో కౌంటరు దగ్గర నిలబడ్డ ఆడవాళ్ళకి మందు పోసేవారు కాదు. ఇద్దరు స్త్రీలు కోర్టుకెళ్ళి 1982లో గెలిచాకగానీ ఆ రివాజు పోలేదు.

అలాగని స్కాట్లండ్‌ని నెత్తిన పెట్టుకోను. సుమారు 55 లక్షల జనాభాలో 2023లో కేవలం మద్యం వల్ల 1,277 మంది చనిపోయారు. మూడింట రెండు వంతులు మగవాళ్ళే. వాళ్ళ వెనక ఎందరు ఇల్లాళ్ళో!

దీన్ని తగ్గించడానికే అక్కడి ప్రభుత్వం మద్యానికి కనీస ధర పెట్టింది. 2012లో చట్టం చేస్తే విస్కీ కంపెనీల సంఘం కోర్టుకెక్కింది. చివరికి 2018 మేలో అమల్లోకి వచ్చింది. 10 మిల్లీలీటర్ల శుద్ధ ఆల్కహాలుకి 50 పెన్స్ కన్నా తక్కువకి అమ్మకూడదు. 2024 సెప్టెంబరు చివర దాన్ని 65 చేశారు. అక్కడి ప్రజారోగ్య సంస్థ 2023లో లెక్క చూస్తే, ఈ ధర లేకుంటే జరిగేవాటికన్నా మద్యం మరణాలు 13 శాతం తగ్గాయని తేలింది. కాకపోతే బాగా అలవాటుపడ్డ పేదల్లో కొందరు మందు మానక, తిండి తగ్గించుకున్నారు.

ఇక మన సంగతి చూడండి. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో కొత్త మద్యం విధానం తెచ్చి, 99 రూపాయలకే క్వార్టరు అన్నారు. స్కాట్లండ్ లెక్కలో ఆ క్వార్టరుని దాదాపు 5 పౌండ్లకి తక్కువ అమ్మకూడదు. అంటే మన డబ్బులో 500 పైమాటే! అక్కడి జీతాలు వేరు, ఒప్పుకుంటాను. కానీ ఆలోచనలో తేడా గమనించండి. ఒకరు 'ఇంతకన్నా చవగ్గా అమ్మొద్దు' అంటే, ఇంకొకరు 'ఇంత చవగ్గా ఇస్తాం' అంటున్నారు. స్కాచ్ మీదా సుంకం తగ్గించడానికి ఒప్పుకున్నారు. 2025 జులైలో సంతకాలైన భారత్-బ్రిటన్ ఒప్పందం ప్రకారం 150 శాతం ఉన్నది ముందు 75కి, పదేళ్ళలో 40కి దిగుతుంది.

'ధర పెంచితే నాటుసారాకి, పక్క రాష్ట్రం సరుకుకి ఎగబడతారు' అంటారు. అందులో నిజం లేకపోలేదు. ధర ఒక్కటే చాలదు. అలవాటు మాన్పించే వైద్యం అందుబాటులో ఉండాలి, తాగొచ్చి కొట్టేవాడికి పోలీసు భయం ఉండాలి.

ఆ రోజు పబ్బులో బిల్లు నేనే కట్టాను. నా పింఛను డబ్బు, నా ఇష్టం. ఇంటికొచ్చాక నన్ను చూసి ఎవరూ భయపడలేదు, ఎవరి అన్నమూ తగ్గలేదు. మా అమ్మ మందు మీద కాదు, ఆ భయం మీదే చీపురెత్తింది. 99 రూపాయల సీసాకి మిగతా ఖరీదు కడుతున్నది ఇంట్లో ఆడవాళ్ళు.

అందుకే ఈసారి ఓట్ల కోసం గుమ్మంలోకొచ్చిన వాళ్ళని ఒక్కటే అడుగుదాం: "మందు ఎంతకిస్తారో సరే, మాన్పించే ఆస్పత్రి మా ఊళ్ళో ఎక్కడ పెడతారు?" ఏమంటారు?