బ్యాక్‌గ్రౌండ్ రిపోర్టు ఎవరెవరు చూస్తున్నారు?

ఆఫర్ లెటర్‌తో పాటు వచ్చే ఆ లింకు మనందరికీ తెలిసిందే. పదో తరగతి మార్కుల జాబితా నుంచి పాత కంపెనీ రిలీవింగ్ లెటర్ దాకా, ఆధార్, పాన్, పేస్లిప్పులు, సొంతూరి అడ్రసు... అడిగినవన్నీ ఎక్కించేస్తాం. తర్వాత ఎవరో కుర్రాడు బండేసుకుని మన ఊరెళ్ళి, గేటు ఫోటో తీసుకుని, పక్కింటివాళ్ళని "ఈ అబ్బాయి ఇక్కడే ఉంటాడాండీ" అని అడిగి వెళ్తాడు. మా అమ్మయితే పెళ్ళిసంబంధం వాళ్ళేమో అనుకుంది :)

ఈ తనిఖీ వద్దని నేననను. దొంగ ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్లతో పక్క సీట్లో చేరినవాడి పని కూడా మన నెత్తినే పడుతుంది కదా. నా గొడవంతా రిపోర్టు వచ్చాక దానికి పట్టే గతి గురించే.

కొన్నేళ్ళ క్రితం పనిచేసిన ఒకచోట, టెస్ట్ డేటా కోసం షేర్డ్ డ్రైవ్ వెతుకుతుంటే మా ప్రాజెక్టు వాళ్ళందరి రిపోర్టులూ ఒక ఫోల్డర్లో కనిపించాయి. ఆడిట్‌కి కావాలంటే హెచ్చార్ వాళ్ళు మేనేజరుకి మెయిల్ చేశారట, ఆయన వెతుక్కునే పని లేకుండా అక్కడ పెట్టారట. జిప్ ఫైలుకి పాస్‌వర్డ్ ఉంది, కాదనను. పక్కనే ఇంకో టెక్స్ట్ ఫైల్లో రాసి ఉంది! నాది తెరిచి చూశాను. అక్కడితో ఆగానా అంటే లేదు, ఇంకో రెండు కూడా చూశాను. తప్పే.

మా టీములో ఒకతనికి రెండు ఉద్యోగాల మధ్య ఏడు నెలల ఖాళీ ఉంది. వాళ్ళ నాన్నగారికి డయాలిసిస్, చూసుకోడానికి ఇంట్లో తనొక్కడే. ఆ సంగతి వివరిస్తూ అతను రాసిచ్చిన ఉత్తరం కూడా రిపోర్టులోనే ఉంది. నాకంటే ముందే ఎవరో చూసినట్టున్నారు, వారం తిరిగేసరికి క్యాంటీన్లో అతనికి "గ్యాప్ బాబు" అని పేరు పడింది. రిపోర్టులో ఏ తప్పూ లేదు, అన్నీ పచ్చ రంగే. మాలో ఎవరితోనూ చెప్పుకోని విషయం అలా బయటపడింది. మూడు నెలలకి మానేశాడు. కొత్త కంపెనీకి మళ్ళీ అదే ఉత్తరం రాసిచ్చి ఉంటాడు.

మేనేజరుకి చెప్తే "డిలీట్ చేసేశాగా" అన్నారు. మరి మెయిల్లో ఉన్నదో, బ్యాకప్‌లో ఉన్నదో? ఎవరెవరు తెరిచారో చూద్దామంటే లాగే లేదు. జీతాల ఫైలు మాత్రం అదే ఆఫీసులో ఎవడికీ దొరకదు!

పెద్ద స్థాయిలోనూ ఇదే కథ. 2015లో అమెరికా ప్రభుత్వ సిబ్బంది కార్యాలయం ఓపీఎం నుంచి 2 కోట్ల 15 లక్షల మంది బ్యాక్‌గ్రౌండ్ విచారణ రికార్డులు పోయాయని బయటపడింది. అప్పులు, మానసిక చికిత్సలు, బంధువుల వివరాలు, 56 లక్షల మంది వేలిముద్రలు. దొంగలు వాడింది ఒక కాంట్రాక్టరు లాగిన్. పాస్‌వర్డ్ అయితే మార్చుకుంటాం, వేలిముద్రలు ఎక్కడ మార్చుకుంటాం?

అసలు మేనేజరుకి కావలసింది "క్లియర్" అన్న ఒక్క మాట. అదొక్కటే స్క్రీన్ మీద కనిపిస్తే చాలు. రిపోర్టు ఒకేచోట ఉండాలి, డౌన్‌లోడ్ ఉండకూడదు, తెరిచినవాడి పేరు లాగ్‌లో పడాలి, చెరిపే తేదీ ముందే ఉండాలి. ఒక లైను కోడ్ మారిస్తే ఇద్దరి అప్రూవల్ అడిగే మనకి ఇదేమైనా రాకెట్ సైన్సా?

2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, తగిన భద్రత పాటించకపోతే 250 కోట్ల దాకా జరిమానా ఉంది. అవసరం తీరాక చెరిపెయ్యమనీ ఉంది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలకి 18 నెలల గడువిచ్చారు. కానీ ఒక మెలిక ఉంది. ఉద్యోగ అవసరాలకైతే మన సమ్మతి లేకుండానే డేటా వాడుకోవచ్చు. మన వివరాలు చూపించమని అడిగే హక్కేమో సమ్మతి ఇచ్చినచోటే! అమెరికాలో అయితే బయటి ఏజెన్సీ రిపోర్టు చూసి ఉద్యోగం ఇవ్వకూడదనుకుంటే, ముందు దాని కాపీ మనకివ్వాలి.

ఈమధ్య ఉద్యోగం మారినప్పుడు హెచ్చార్‌కి మెయిల్ పెట్టాను, నా రిపోర్టు కాపీ ఇవ్వండి, ఎవరెవరికి పంపారో చెప్పండి అని. రెండో ప్రశ్నకి జవాబు లేదు. మొదటిదానికి మాత్రం వెంటనే వచ్చింది: "సారీ అండీ, అది కాన్ఫిడెన్షియల్."