చలనచిత్రమును చదువ నేర్వవలెను

శబ్దమునకు అభిధ, లక్షణ, వ్యంజన యని మూడు శక్తులు గలవని మన ఆలంకారికులు చెప్పిరి. "యానాం గోదావరిమీద నున్నది" యన్నచో ఊరు నీటిపై తేలుచున్నదని యెవరును తలంపరు. గౌతమీతీరమున నున్నదని గ్రహింతురు. ఇది లక్షణ. ఆ మాట వినినంతనే చల్లనిగాలియు, పడవలును, వరదభయమును మనసున మెదలినచో నది వ్యంజన. "ప్రొద్దు గ్రుంకినది" యను మాట యొక్కటియే. కాని అది పసులకాపరికి మందను ఇంటికి తోలుమని చెప్పును. దొంగకు పనికి సిద్ధము కమ్మని చెప్పును. విద్యార్థికి దీపము వెలిగించి పుస్తకము తీయుమని చెప్పును. తొమ్మిదవ శతాబ్దమున కాశ్మీరదేశమందు ఆనందవర్ధనుడు ఇట్లు చెప్పకయే చెప్పబడు అర్థమునకు ధ్వని యని పేరిడి, కావ్యమునకు అదియే ఆత్మ యని నిరూపించెను.

మా విద్యార్థులు పద్యములో ధ్వనిని వెదకుట నేర్చుకొనుచున్నారు. కాని పద్యములకంటె మిక్కిలిగా వారు చూచుచున్న చలనచిత్రములో ధ్వని యెచట నున్నదని వారిని అడుగువారు లేరు. ఒక చిత్రమును చూచి వచ్చిన బాలుని ప్రశ్నించినచో కథ చెప్పును, ఎవరు బాగుగ నటించిరో చెప్పును, సంభాషణలను ఒక్క అక్షరము పొల్లుపోకుండ అప్పజెప్పును. కెమెరా యెచట నిలిచినది, ఒక దృశ్యము ప్రక్కన మరియొక దృశ్యమును ఏల చేర్చిరి, మాటలు లేనపుడు చెవికి ఏమి వినవచ్చినది అని యడిగినచో మౌనమే సమాధానము. ఛాయాగ్రహణము, కూర్పు, శబ్దము అను ఈ మూడును కథకు పైపై అలంకారములు కావు. చిత్రార్థములో పెద్దపాలు వానియందే యున్నది. దానిని గ్రహించు నేర్పును పాఠశాలయే, అందును తెలుగు తరగతియే, పిల్లలకు ఈయవలెనని మా అభిప్రాయము.

చలనచిత్రము పుట్టినపుడు ఈ మూడింటిలో మొదటిది మాత్రమే, అదియు శైశవదశలో, ఉండెను. 1895 డిసెంబరు 28న పారిస్ నగరమున లూమియేర్ సోదరులు రుసుము తీసికొని ప్రజలకు తమ చిత్రములను చూపిరి. మరుసటి యేడు జూలై 7న అవి బొంబాయిలోని వాట్సన్ హోటలునకు వచ్చినవి. ఆనాటికి మన యానాం ఆ ఫ్రెంచివారి పాలనయందే యున్నది. ఆ చిత్రములు ఒక్కొక్కటి నిమిషమునకు మించనివి. కెమెరా ఒకేచోట నిలిచి, కార్ఖానానుండి వెలువడు కూలివారినో, స్టేషనులోనికి వచ్చు రైలునో చూచుచుండెడిది. అతుకు లేదు, శబ్దము లేదు. పిమ్మట ఆ దేశమువాడే యగు జార్జి మెలియే, కెమెరాను ఆపి, ఎదుటనున్న వస్తువును మార్చి, తిరిగి తిప్పినచో, ఆ వస్తువు తెరమీద మాయమగునని కనుగొని ఆ యుపాయమును విరివిగా వాడెను. మన పౌరాణిక చిత్రములలో దేవతలు ప్రత్యక్షమగుటయు, అంతర్ధానమగుటయు ఆ యుపాయమునకు సంతతియే. 1932లో హెచ్. ఎం. రెడ్డిగారి "భక్తప్రహ్లాద"తో తెలుగుతెరకు మాట వచ్చినది. మాట నాటకరంగమునుండి వచ్చినది గనుక, మన ప్రేక్షకుల దృష్టియు నాటినుండి మాటపైననే నిలిచినది.

మాటకు వెలుపల ఎంత అర్థము గలదో తెలియుటకు అందరును ఎరిగిన "మాయాబజార్" చాలును. కె. వి. రెడ్డిగారు 1957లో తీసిన ఆ చిత్రమునకు మార్కస్ బార్ట్లేగారు ఛాయాగ్రాహకులు. అందలి నౌకావిహారమును స్మరింపుడు. అది నలుపు తెలుపుల చిత్రము; వెన్నెలకు అందు రంగు లేదు. ఎంత వెలుగు, ఎంత నీడ, ఆ వెలుగు ఏ దిక్కునుండి పడినది అను మూడింటితోడనే బార్ట్లేగారు ప్రేక్షకుని వెన్నెలలో నిలిపిరి. అయినను ఆ దృశ్యమందు వెన్నెల కేవలము అందముకొరకు లేదు. మొదట శశిరేఖాభిమన్యులు, పిమ్మట రుక్మిణీకృష్ణులు, ఆ పైని రేవతీబలరాములు అదే నీటిపై, అదే వెలుగులో కనబడుదురు. పిన్నలును పెద్దలును ఒక్క మనసుతో నున్న ఇల్లది యని ఎవరును నోట చెప్పలేదు, కెమెరా చెప్పినది. పాండవులు రాజ్యము కోలుపోయిన పిదప ఆ రేవతియే సంబంధమును కాదన్నపుడు మన మనసు చివుక్కుమనుటకు కారణము, ఆమె మాటలకంటె, ఆ వెనుకటి వెన్నెలయే. 2010లో ఈ చిత్రమునకు రంగులద్ది మరల విడుదల చేసిరి. రెండు ప్రతులలోను ఈ ఒక్క దృశ్యమును ప్రక్కప్రక్కన చూచిన విద్యార్థికి, వెలుగునీడలు ఏమి చెప్పగలవో, రంగు దానిని ఎట్లు మార్చునో మేము వేరుగ బోధింపవలసిన పని లేదు.

ఇక కూర్పు. సంధి యనగా రెండు వర్ణముల కలయిక యని మేము నిత్యము చెప్పుచుందుము. చిత్రములో రెండు దృశ్యముల కలయికయు నట్టిదే. కాని ఇచట రెండును కలిసినపుడు ఆ రెండింటను లేని మూడవ యర్థము పుట్టును. సుమారు 1920 ప్రాంతమున రష్యా దేశమందు కులెషోవ్ అను నాయన చేసిన ప్రయోగము ప్రసిద్ధము. ఒక నటుని ముఖమును, ఏ భావమును లేనిదానిని, తీసికొని దానిప్రక్కన ఒకమారు ఆహారపాత్రను, ఒకమారు శవపేటికను, ఒకమారు ఒక స్త్రీని చేర్చి చూపిరి. ముఖము మారలేదు. అయినను చూచినవారు అతని ఆకలిని, దుఃఖమును, అనురాగమును వేర్వేరుగ మెచ్చుకొనిరని ఆయన శిష్యుడు పుదోవ్కిన్ వ్రాసెను. "ప్రొద్దు గ్రుంకినది" యను వాక్యమునకు వినువానిని బట్టి అర్థము మారినట్లే, ముఖమునకు పొరుగుదృశ్యమును బట్టి అర్థము మారినది. "మాయాబజార్" చివర ఒకవంక మాయాశశిరేఖ పెండ్లిపీటలమీద లక్ష్మణకుమారుని ముప్పుతిప్పలు పెట్టుచుండగా, వేరొకవంక అసలు శశిరేఖకు అభిమన్యునితో వివాహమగుచుండును. పెండ్లియింట నున్న కౌరవులకు రెండవ వివాహము తెలియదు. ప్రేక్షకునకు తెలియును. మన నవ్వంతయు ఆ తెలివినుండియే పుట్టినది. ఆ తెలివిని మనకిచ్చినది కూర్పు.

మూడవది శబ్దము. మాట మాత్రమే శబ్దము కాదు. వాద్యము, వీధిరొద, వాన, అడుగులచప్పుడు, తుదకు నిశ్శబ్దము కూడ అర్థమును మోయును. "మాయాబజార్" నాడు కె. వి. రెడ్డిగారివద్ద సహాయకులుగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావుగారు ముప్పది యేండ్ల తరువాత, 1987లో, ఒక్క సంభాషణయైన లేని చిత్రమును తీసిరి. తెలుగువారు దానిని "పుష్పక విమానం" అనిరి. తమిళమున దాని పేరు "పేసుమ్ పడమ్", అనగా మాటలాడు చిత్రము. ఆ పేరులోని చమత్కారము మన పుదుచ్చేరి మిత్రులకు వెంటనే తెలియును. అందలి నిరుద్యోగి ఒక సినిమాహాలు ప్రక్కనున్న ఇరుకుగదిలో నివసించుచు, ఆ రొదలోనే నిద్రించుటకు అలవాటుపడినవాడు. యాదృచ్ఛికముగ గొప్ప హోటలు గది లభింపగా, అచటి నిశ్శబ్దములో అతనికి నిద్రపట్టదు. వెనుకకు పోయి, ఆ హాలు రొదను టేపురికార్డరులో పట్టి తెచ్చి, దానిని వినుచు హాయిగ నిద్రించును. పేదరికము గదినుండి పోయినను అలవాటునుండి పోదను సత్యమును పది పుటల ఉపన్యాసము ఇంత చక్కగ చెప్పలేదు. ప్రేక్షకుడు చెవితోనే దానిని గ్రహించును.

ఇందు మన ఊరివారికి ప్రత్యేకముగ గమనింపదగినది యొకటి గలదు. మనము తమిళము ప్రధానభాషగాగల కేంద్రపాలిత ప్రాంతములో తెలుగు చదువుకొనువారము. "మాయాబజార్"ను 1957లోనే తమిళమునను తీసిరి. అందు అభిమన్యుడు జెమినీ గణేశన్, సావిత్రి పాత్ర పేరు వత్సల. మాట మారినది, పేరు మారినది, కొందరు నటులును మారిరి. అయినను ఆ కథను చూచి నవ్వవలసినచోట అరవమువారును నవ్విరి. కనుక దృశ్యభాష నేర్చినవానికి పొరుగుభాషవారి చిత్రము పరాయిది కాదు. పుదుచ్చేరి విద్యార్థియు, యానాం విద్యార్థియు ఒకచోట కూర్చుండి ఒకే దృశ్యమును గూర్చి వాదించుకొనుటకు ఇంతకంటె మంచి వేదిక మాకు కనబడుట లేదు.

మా ప్రతిపాదనకు మూడు అభ్యంతరములు వినవచ్చును. సినిమా పిల్లలను చెరచును, దానిని బడిలోనికి తేనేల అని కొందరు పెద్దలందురు. బడి దానిని వెలుపల నుంచినంతమాత్రమున పిల్లలు చూడకుండ ఉండుట లేదు. తోడు లేక చూచుచున్నారు, అంతియే భేదము. పరీక్షలకు సమయము చాలదని ఉపాధ్యాయమిత్రులందురు. ఇది న్యాయమైన మాటయే. అందుచేతనే మేము కొత్త పాఠ్యాంశమును కోరుట లేదు, వ్యాసరచనకు ఇప్పటికే యున్న గంటలలో కొన్నింటిని మాత్రమే కోరుచున్నాము. ఇట్లు విడదీసి చూచినచో రసము చెడునని మూడవ వాదము. ఛందస్సు నేర్చినవానికి పద్యమునందలి రుచి తగ్గినదా? యతి యెచట పడినదో ఎరిగినవాడే దాని సొంపును మరియొకమారు అనుభవింపగలడు.

సినిమాహాలుకంటె పెద్దదైన ప్రమాదము నేడు పిల్లల చేతిలోని ఫోనులో నున్నది. ఒక్క ఉదాహరణము చాలును. 2022 జూలైలో గోదావరికి వరద వచ్చి మన వీధులలోనికి నీరు చేరినది. ఆనాటి దృశ్యములు ఎందరివద్దనో కలవు. రాబోవు ఏదో సంవత్సరమున, నది కొద్దిగ పొంగిన దినమున, ఎవరైనను ఆ పాతదృశ్యము నొకదానిని, దానివెనుక అంగడిముందు గుమిగూడిన జనులను, వానిక్రింద గుండె దడదడలాడించు వాద్యమును చేర్చి పంపినచో ఏమగును? నీరు నిజమే, జనులు నిజమే; అతుకు మాత్రమే అబద్ధము. ఒక్క అబద్ధపు మాటయైన పలుకక ఊరంతటిని భయపెట్టవచ్చును. కులెషోవ్ ముఖమును ఎరిగిన బాలుడు అట్టి దానిని చూచినపుడు ఒక్క క్షణమాగి, ఈ రెండు దృశ్యములను చేర్చినవా రెవరు, ఈ వాద్యము నాకు ఏమి చెప్పవలెనని చూచుచున్నది అని తన్ను తాను ప్రశ్నించుకొనును. ఎరుగనివాడు దానిని పదిమందికి పంపును.

కావున మేము కోరునది స్వల్పము. కాలపరీక్షకు ఒక చిత్రమునుండి పది నిమిషముల భాగమును ఎన్నుకొందము. మొదట శబ్దమును ఆపి చూపుదము. పిమ్మట తెరను కప్పి వినిపింతము. మూడవమారు రెండును కలిపి చూపుదము. అంతట ప్రతి విద్యార్థియు కెమెరా ఎచట నిలిచినది, దృశ్యము ఎచట తెగినది, ఏది వినబడినది, మాట చెప్పనిది ఏమి తెలిసినది అను నాలుగు ప్రశ్నలకు ఒక పుట సమాధానము తెలుగులో వ్రాయవలెను. అప్పజెప్పుటకు ఇందు సంభాషణ లేదు గనుక, వాడు తన మాటలను తానే వెదకికొనవలెను. వెలుగునకును వెన్నెలకును, రొదకును సవ్వడికిని, మౌనమునకును నిశ్శబ్దమునకును గల తేడా అపుడు వానికి అవసరమగును. అవసరమైన మాట మరపునకు రాదు. పరులచుట్టు నున్న చిన్న ఊరిలో భాష నిలుచుట అట్టి మాటలవలననే. తల్లిదండ్రులు ఇంటివద్దను ఈ ప్రయోగమును చేయవచ్చును. నేటి రాత్రి టెలివిజనులో ఏ చిత్రము వచ్చినను, ఒక్క దృశ్యమునకు శబ్దమును తగ్గించి, "ఇపుడేమి జరుగుచున్నది? నీకెట్లు తెలిసినది?" అని మీ పిల్లల నడుగుడు. ఆ రెండవ ప్రశ్నయే ముఖ్యము.