పిన్‌బాల్‌కు సగం నొక్కుడు ఎందుకు?

ఇరవై ఏళ్ల కిందట కదిరిలాంటి ఊళ్లలో నెట్ సెంటర్‌కు వెళ్లిన కుర్రవాళ్లకు, పరీక్ష ఫలితాల పేజీ తెరుచుకునేలోపు చేతికి దొరికే కాలక్షేపం ఒకటుండేది. విండోస్ ఎక్స్‌పీలో ముందే ఉండే పిన్‌బాల్. జెడ్ కీ నొక్కితే బంతిని కొట్టే ఎడమ ఫ్లిప్పర్, స్లాష్ కీ నొక్కితే కుడి ఫ్లిప్పర్ లేచేవి. స్పేస్‌బార్ వదిలితే బంతి పైకి దూసుకెళ్లేది. సినిమాట్రానిక్స్ తయారుచేయగా మాక్సిస్ 1995లో అమ్మిన ‘ఫుల్ టిల్ట్ పిన్‌బాల్’లోని మూడు బల్లల్లో ఒకదాన్ని తీసుకుని మైక్రోసాఫ్ట్ విండోస్‌తో పాటు పంచింది. ఆ ఆటకు కావలసిందల్లా కీబోర్డు. కీ నొక్కినట్టో, నొక్కనట్టో కంప్యూటర్‌కు తెలిస్తే చాలు. ఎంత లోతుగా నొక్కారన్నది దానికి అక్కర్లేదు.

ఇప్పుడు పిన్‌బాల్ కన్సోళ్ల మీదికి, కంట్రోలర్ల మీదికి ఎక్కింది. హంగరీకి చెందిన జెన్ స్టూడియోస్ 2007లో ఎక్స్‌బాక్స్ 360 కోసం ‘పిన్‌బాల్ ఎఫ్‌ఎక్స్’ తెచ్చినప్పటి నుంచి ఆ వరుస సాగుతూనే ఉంది. దాంతోపాటు ఒక తగవూ వచ్చింది. కంట్రోలర్ భుజాల మీద రెండేసి మీటలుంటాయి. పైది పొట్టి బటన్, కిందది పొడవాటి ట్రిగ్గర్. ఫ్లిప్పర్‌ను దేనికి కట్టాలి? తుపాకీ మీటలా చూపుడువేలికి ఇంపుగా అమరుతుంది కాబట్టి చాలామంది చేయి ట్రిగ్గర్ వైపే పోతుంది. అది ఎంత నొక్కితే అంత చెప్పే అనలాగ్ మీట కూడాను, ఖరీదైన సరుకు కూడాను. అయినా పిన్‌బాల్ విషయంలో ఆ మొగ్గు సరైంది కాదు.

కదిరి చుట్టుపక్కల వేరుశనగ పండించే రైతుకు ఈ తేడా చెప్పాల్సిన పని లేదు. బోరు మోటారు స్టార్టర్‌కు ఉన్నవి రెండే స్థితులు. పచ్చ బటన్ నొక్కితే తిరుగుతుంది, ఎర్ర బటన్ నొక్కితే ఆగుతుంది. గేటు వాల్వు అలా కాదు, ఎంత తిప్పితే అంత నీరు వదులుతుంది. పొట్టి బటన్ స్టార్టర్ జాతిది, అనలాగ్ ట్రిగ్గర్ వాల్వు జాతిది.

వాల్వు జాతి ట్రిగ్గర్ పుట్టింది వేరే అవసరం కోసం. 1996లో సెగా తన సాటర్న్ యంత్రానికి ఇచ్చిన 3డీ కంట్రోల్ ప్యాడ్‌లో అది కనిపించింది. తర్వాత డ్రీమ్‌కాస్ట్, 2001లో ఎక్స్‌బాక్స్ దాన్ని అందిపుచ్చుకున్నాయి. కారు పందేల ఆటలో యాక్సిలరేటర్‌ను కొంచెమే తొక్కాలన్నా, బ్రేకును మెల్లగా వేయాలన్నా ఆ సగం, పావు నొక్కుళ్లే ప్రాణం. అక్కడ దానికి సాటి లేదు.

ఫ్లిప్పర్ సంగతి వేరు. గాట్లీబ్ కంపెనీలో హారీ మాబ్స్ రూపొందించిన ‘హంప్టీ డంప్టీ’ 1947లో తొలిసారి ఆరు ఫ్లిప్పర్లతో వచ్చింది. మరుసటి ఏడు స్టీవ్ కార్డెక్ తన ‘ట్రిపుల్ యాక్షన్’లో రెండే ఫ్లిప్పర్లను బల్ల అడుగున పెట్టాడు. అప్పటి నుంచి దాని లోపలి సూత్రం పెద్దగా మారలేదు. బటన్ నొక్కగానే తీగచుట్టలోకి కరెంటు పారుతుంది, అది ఇనుప కడ్డీని లాగుతుంది, ఫ్లిప్పర్ ఎగిరి లేస్తుంది. లేచిన తర్వాత అంత కరెంటు పెడితే చుట్ట కాలిపోతుంది కాబట్టి, పట్టి ఉంచడానికి సరిపడేంత తక్కువ కరెంటుకు యంత్రమే మారుతుంది. వేలి బలం ఈ లెక్కలో ఎక్కడా లేదు. పహిల్వాను నొక్కినా, పసివాడు నొక్కినా ఫ్లిప్పర్ లేచే వేగం ఒక్కటే.

మరి ఆటగాళ్ల నైపుణ్యం ఎక్కడుంది? వేళలో ఉంది. బటన్‌ను తాకీ తాకనట్టు నొక్కి వదిలితే కరెంటు క్షణంలో ఆగిపోయి ఫ్లిప్పర్ సగం లేచి దిగుతుంది, బంతి మెల్లగా అవతలి ఫ్లిప్పర్ మీదికి చేరుతుంది. ఆటగాళ్లు దీన్ని ట్యాప్ పాస్ అంటారు. వచ్చే బంతి తగిలే క్షణానికి లేపిన ఫ్లిప్పర్‌ను దించేస్తే బంతి ఊపు చచ్చి అక్కడే నిలుస్తుంది, దాని పేరు డ్రాప్ క్యాచ్. సగం ఎగురు కావాలన్నా అది వచ్చేది ఎంతసేపు నొక్కారన్న దాన్ని బట్టే. ఎంత లోతు నొక్కారన్న దానితో పని లేదు.

వేళ ఎంత కీలకమో ఒక చిన్న లెక్క చెబుతుంది. పిన్‌బాల్ ఉక్కు బంతి వ్యాసం 27 మిల్లీమీటర్లు, బరువు దాదాపు 80 గ్రాములు. ఫ్లిప్పర్ పొడవు సుమారు ఏడున్నర సెంటీమీటర్లు. బంతి దాని మీదుగా సెకనుకు మీటరు వేగంతో దొర్లుతోందనుకుంటే, 10 మిల్లీసెకన్లలో ఒక సెంటీమీటరు జరుగుతుంది. ఫ్లిప్పర్ మీద ఒక సెంటీమీటరు అటూ ఇటూ అయితే ఎడమ ర్యాంపుకు పోవలసిన బంతి మధ్యలోని బొమ్మకు తగిలి, నేరుగా కిందికి జారిపోవచ్చు. సెకనుకు 60 ఫ్రేములు చూపే తెర మీద ఒక్క ఫ్రేమే దాదాపు 17 మిల్లీసెకన్లు. ఆ జాప్యం ఎలాగూ ఉంది. దానికి ట్రిగ్గర్ ప్రయాణం తోడైతే ఇక గురి అన్న మాట ఎక్కడిది?

ట్రిగ్గర్ ప్రయాణమంటే వేలు కదలడం మొదలైన క్షణానికీ, ఆట దాన్ని నొక్కుడుగా ఒప్పుకునే క్షణానికీ మధ్య దూరం. విండోస్‌లో ఎక్స్‌బాక్స్ కంట్రోలర్లతో మాట్లాడే ఎక్స్‌ఇన్‌పుట్ పద్ధతి ట్రిగ్గర్ స్థితిని 0 నుంచి 255 వరకు అంకెగా చెబుతుంది. 30 దాటితే నొక్కినట్టు లెక్కవేయవచ్చని మైక్రోసాఫ్ట్ ఒక సూచన ఇచ్చింది, అంతే. ఆ గీత ఎక్కడ గీయాలన్నది ఆట రాసేవారి ఇష్టం. ఒకరు సగం దగ్గర గీస్తే ఆ మేరకు ఫ్లిప్పర్ ఆలస్యంగా లేస్తుంది. వదిలేటప్పుడు తిప్పలు ఇంకా ఎక్కువ. వేలు అడుగంటా నొక్కి ఉన్నప్పుడు స్ప్రింగు దాన్ని ఆ గీత దాకా వెనక్కి తేవాలి, అప్పటికి గాని ఫ్లిప్పర్ దిగదు. డ్రాప్ క్యాచ్ ఆశ అక్కడే అడుగంటుతుంది.

కంపెనీలకూ ఈ ఇబ్బంది తెలుసు. 2015లో వచ్చిన ఎక్స్‌బాక్స్ ఎలైట్ కంట్రోలర్ వెనక, ట్రిగ్గర్ ప్రయాణాన్ని కుదించే చిన్న మీటలు పెట్టారు. సోనీ 2023లో తెచ్చిన డ్యుయల్‌సెన్స్ ఎడ్జ్‌లోనూ అలాంటి ఏర్పాటే ఉంది. తుపాకీ ఆటలు ఆడేవారు ఒక్క క్షణం ముందు కాల్చాలని కోరుకోవడమే దీనికి కారణం. అనలాగ్ ట్రిగ్గర్ కొని, దాన్ని డిజిటల్ బటన్‌కు దగ్గర చేసుకోవడానికి అదనంగా డబ్బు కట్టడమన్నమాట. నింటెండో స్విచ్‌లోనైతే కింది భుజం మీటలు కూడా మామూలు డిజిటల్ బటన్లే. కారు పందేల వారికి అది లోటు, పిన్‌బాల్ వారికి మాత్రం కలిసొచ్చిన సంగతి. మన దగ్గర పబ్‌జీ జోరు మీదున్నప్పుడు కుర్రకారు ఫోన్లకు తగిలించుకున్న ట్రిగ్గర్లూ ఆ కోవలోవే. నొక్కితే తెర మీద వేలు పెట్టినట్టు, వదిలితే తీసినట్టు.

అనలాగ్ పక్షానికీ చెప్పుకోవడానికి ఒక మంచి ఉదాహరణ ఉంది. బల్ల పైభాగాన అదనపు ఫ్లిప్పర్ ఉన్న కొన్ని అసలు యంత్రాల్లో ఒకే బటన్ వెనక రెండు స్విచ్‌లు ఒకదాని తర్వాత ఒకటి అమర్చి ఉంటాయి. సగం నొక్కితే కింది ఫ్లిప్పర్, పూర్తిగా నొక్కితే పైది కూడా లేస్తాయి. కింద ఒక బంతిని పట్టి ఉంచి, పైన ఇంకో బంతిని కొట్టాలంటే ఇది వరమే. ట్రిగ్గర్‌తో దీన్ని చక్కగా అనుకరించవచ్చు. అయితే ఆ వాదన కూడా జాగ్రత్తగా చూస్తే ఎదురు తిరుగుతుంది. అక్కడున్నవి రెండు డిజిటల్ స్విచ్‌లే. కింది ఫ్లిప్పర్‌ను పొట్టి బటన్‌కూ, పైదాన్ని ట్రిగ్గర్‌కూ విడివిడిగా కడితే అదే పని ఇంకా తేటగా జరుగుతుంది.

పిన్‌బాల్‌లో నిజంగా వాల్వు జాతి పని రెండు చోట్ల ఉంది. ఒకటి బంతిని తోసే స్ప్రింగు కడ్డీ. మేకులు కొట్టిన చెక్కపలక మీద గోలీని వదిలే బాగటెల్ ఆడినవారికి ఇది బాగా తెలుసు. ఎంత లాగి వదిలితే గోలీ ఏ గుంటలో పడుతుందో వేళ్లు తామే నేర్చుకుంటాయి. ఆ స్ప్రింగు కడ్డీకి 1871లో అమెరికాలో పేటెంటు పొందిన మాంటేగ్ రెడ్‌గ్రేవ్ నుంచే పిన్‌బాల్ వంశం మొదలవుతుంది. రెండోది బల్లను కుదపడం. మెల్లగా కుదిపితే బంతి దారి మారుతుంది, గట్టిగా కుదిపితే టిల్ట్ పడి ఆ బంతి పోతుంది. ఈ రెండింటినీ ఎక్స్‌పీ పిన్‌బాల్ కీలతోనే నెట్టుకొచ్చింది. స్పేస్‌బార్ ఎంతసేపు పట్టుకుంటే కడ్డీ అంత వెనక్కి పోయేది. కుదుపుకు మాత్రం మోతాదే లేదు.

అనలాగ్ సరుకు ఖర్చు పెట్టాల్సింది అక్కడే. ఆట రాసేవారు ఫ్లిప్పర్లను పొట్టి బటన్లకు కట్టి, స్ప్రింగు కడ్డీని కంట్రోలర్‌లోని కుడి అనలాగ్ స్టిక్కుకు, కుదుపును ఎడమ స్టిక్కుకు ఇవ్వాలి. ట్రిగ్గరే కావాలనేవారికి ఏ అంకె దగ్గర నొక్కుడుగా లెక్కించాలో సెట్టింగుల్లో మార్చుకునే వీలుండాలి. కొనేవారూ అంగట్లో కంట్రోలర్ పెట్టె మీద అనలాగ్ అన్న మాట చూసి తృప్తిపడకుండా, భుజం బటన్లను మూలన నొక్కినా, మధ్యన నొక్కినా ఒకేలా టక్కుమంటున్నాయో లేదో చూసుకోవాలి. అవి బిగుతుగా ఉంటే ఆ కంట్రోలర్‌ను పక్కన పెట్టి, ఇంట్లో ఉన్న కీబోర్డుతోనే ఆడుకోవచ్చు.