పుండు జాతకము

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములు మెట్టసీమలు. వానను నమ్మి బ్రతుకు ఈ నేలలో పెక్కు కుటుంబములకు రొక్కము చూపునది పొగాకు. కలిగిరి, డి.సి.పల్లి వేలము కేంద్రములలో అమ్ముడగు సిగరెట్టు ఆకు చాలవరకు దూరదేశములకు పోవును. నమలు పొగాకు, వక్క, గుట్కా మాత్రము నాలుకను కనిపెట్టుకొని ఇచ్చటనే యుండును. నాలుక కాన్సరునకు ఇవి ముఖ్యకారణములు.

నాలుకపై పుట్టిన చిన్న పుండ్లన్నియు ఒకే తీరున నడువవు. ఒకే కొలత గల రెండు పుండ్లను కోసి తీసిన పిదప ఒక రోగి పదేండ్లు సుఖముగా జీవించును. వేరొకనికి ఏడాది తిరుగకుండగనే మెడలో గడ్డ తేలును. ఈ భేదము కణములలోని ప్రోటీనులలో వ్రాసియున్నదేమోనని శాస్త్రజ్ఞులు వెదకుచున్నారు. కణవిభజన జోరును తెలుపు కె.ఐ.-67, దెబ్బతిన్న కణములను నిలువరించు పి-53, కణములను ఒకదానితో నొకటి అంటిపెట్టి యుంచు ఇ-కాడ్‌హెరిన్ ఇట్టివి. కాని ఒక పరిశోధనలో నిలిచిన సాక్ష్యము వేరొకదానిలో నిలువలేదు. నేటికిని వైద్యుడు నమ్మునవి పుండు దిగిన లోతు, మెడ గ్రంథుల స్థితి.

అట్లని ఈ వెదకులాట వ్యర్థము కాదు. ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు 2015లో ప్రకటించిన పరిశోధనలో, తొలిదశ నోటి కాన్సరు రోగులలో మెడ గ్రంథులను ముందుగనే తీయించుకొన్నవారు మూడేండ్లకు 80 శాతము జీవించియుండిరి. గడ్డ తేలిన పిమ్మట తీయించుకొన్నవారు 67.5 శాతమే. కనుక ముందుగా కోయుటయే మేలని తేలినది. అయితే అట్లు కోసినవారిలో మెడయందు వ్యాధి దాగియున్నది సుమారు 30 శాతము మందికే. తక్కినవారు అనుమానమునకు కోతపడినవారు. ఆ కోతవలన కొందరికి భుజము బలహీనపడును. మూటలు మోసి బ్రతుకు మెట్టరైతునకు భుజమే ఆస్తి. ఎవరికి ఆ కోత అక్కరలేదో నిక్కముగా చెప్పు ప్రోటీను దొరకిననాడు, అది వానికి జాతకము కాదు, జీవనాధారము.

కాని ఆ ప్రోటీను తొలిదశలో వచ్చినవానికే అక్కరకు వచ్చును. పన్ను ఒరసినదని, వేడిచేసినదని సరిపుచ్చుకొని నెలలు గడపినవానికి ఏ పరీక్షయు కాలమును తిరిగి ఈయజాలదు. రెండు వారములకు మానని పుండును, తెల్లని లేక ఎఱ్ఱని మచ్చను గుర్తించుటకు శిక్షణ పొందిన కన్ను, ఒక టార్చిలైటు చాలును. రైతులు తామై గుమిగూడు వేలము దినములలోనే ఈ పరీక్ష జరుపవచ్చును. ఆకును విప్పి చూచి వెలకట్టు చోట, దానిని పండించినవాని నోటిని ఒకమారు చూచుట భారము కానేరదు.