జీవితకాల సన్మానము



మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల పెద్దముత్తైదువలకు పోతన యనగానే కన్నులయెదుట నిలుచునది నాగయ్యగారి ముఖమే. రేపల్లెలో జన్మించినను మన చిత్తూరు నాటకములలో పేరు గాంచి, ఆ యూరినే తన పేరున జేర్చుకొనిరి. 'భక్త పోతన', 1946లో 'త్యాగయ్య', 1947లో 'యోగి వేమన' వెలువడినవి. ఆర్జించినదెల్ల అడిగినవారి కిచ్చిరి. 1965లో ప్రభుత్వము పద్మశ్రీ నొసంగెను. 1973లో లేమిలోనే కన్నుమూసిరి. బిరుదపత్రము గోడ కలంకారమేకాని పొయ్యిమీది కెసరు కాదు గదా!

చలనచిత్ర కళాకారుల జీవితకాల సేవకు కేంద్ర ప్రభుత్వ మొసంగునది దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము. 1969లో నెలకొల్పిరి. స్వర్ణకమలము, శాలువ, వానితో ధనము. ఆ ధనము తొలుత 11,000 రూపాయలు, పిదప 10 లక్షలకు పెరిగినది. 1913లో ఫాల్కే 'రాజా హరిశ్చంద్ర' తీయునాడు నటింప స్త్రీ దొరకక, తారామతి వేషము పురుషునిచే గట్టించెను. ఆయన పేరిటి తొలి పురస్కార మందినదో, స్త్రీయే! దేవికారాణి. చదివి నవ్వుకొంటిని.

మఱి మన తెలుగు వనితలో? 1974లో బి. ఎన్. రెడ్డిగారు మొదలు 2016లో విశ్వనాథ్‌గారి వఱకు అందినవా రందఱును పురుషులే. 2021వ సంవత్సరపు పురస్కారము వహీదా రెహమాన్‌గారిని వరించినది. ఆమె 1955లో మన 'రోజులు మారాయి' చిత్రమున నర్తించినవారే. సంతోషమే. కాని 2023వఱకు జాబితా యెంత వెదకినను తెలుగింటి యాడుబిడ్డ పే రొక్కటియు గానరాదు.

భానుమతిగారిని దలంపుడు. 1945 నాటి 'స్వర్గసీమ'కు దర్శకులు ఆ బి. ఎన్. రెడ్డిగారే, నాయకులు మన నాగయ్యగారే, అందు నటించి పాడినది భానుమతిగారు. 1953లో 'చండీరాణి'ని తెలుగు, తమిళ, హిందీ భాషలలో తానే దర్శకత్వము వహించి తీసిరి. 'అత్తగారి కథలు' వ్రాసి మనల నెంత నవ్వించిరో మీ రెఱుగుదురు. నటన, గానము, రచన, దర్శకత్వము నొక్కచేతిమీదుగా నడపిన మగవారైనను ఎందఱు? ఆమెకు 2001లో పద్మభూషణ్ దక్కెను; 2005లో స్వర్గస్థురాలయ్యెను.

2013లో ఎస్. జానకిగారు, ఆలస్యముగా వచ్చినదని పద్మభూషణ్‌ను నిరాకరించిరి. అది గర్వమని యనువారు గలరు. నా కట్లు తోపదు. దశాబ్దములు పాడినవారికి ఆమాత్రము చెప్పు హక్కు లేదా?

ఫాల్కే పురస్కారమును మరణానంతరము నొసంగుట గలదు: 1971వ సంవత్సరమునకు పృథ్వీరాజ్ కపూర్‌గారికి, 2017కు వినోద్ ఖన్నాగారికి అట్లే యిచ్చిరి. కావున భానుమతిగారి పేరున కింకను తలుపు మూయబడలేదు.