చౌడు తట్టకు పద్దు లేదు

మృగశిర కార్తె దగ్గరపడిందంటే మన దగ్గర రెండు ప్రకటనలు తప్పవు. ఒకటి హైదరాబాద్‌లో చేప ప్రసాదం గురించి. రెండోది ఊళ్లలో పాత మిద్దెల గురించి: శిథిలమైన ఇళ్లలో ఉంటున్నవాళ్లు వెంటనే ఖాళీ చేసి సురక్షిత ప్రాంతాలకు వెళ్లాలి, లేకుంటే ఏం జరిగినా బాధ్యత వాళ్లదే. ఈ వారం ఆ రెండోది మళ్లీ చెవిన పడింది. చేప ప్రసాదానికి పోయినవాడికి కనీసం చేపపిల్ల దక్కుతుంది. ఈ ప్రకటన విన్నవాడికి ఏం దక్కుతుంది? సురక్షిత ప్రాంతం ఏ వీధిలో ఉందో, అక్కడ అద్దె ఎంతో, గొడ్డూగోదా ఎక్కడ కట్టేసుకోవాలో దండోరాలో ఉండదు. వెళ్లడానికి ఇంకో ఇల్లు ఉన్నవాడు కురిసే మిద్దె కింద ఎందుకు పడుకుంటాడన్న ప్రశ్న ఆ కాగితం రాసినవాళ్లకు తట్టినట్టు లేదు. ఆ కాగితం ఇంటిని కాపాడదు, ఇంట్లో ఉన్నవాళ్లనూ కాపాడదు. రేపు గోడ కూలితే అడగబోయేవాళ్ల నుంచి ఆఫీసును మాత్రం కాపాడుతుంది.

ఈ చిరాకుకు లెక్క ఉంది. 2020 అక్టోబరులో దసరా పండుగ వేళ, వనపర్తి జిల్లా గోపాల్‌పేట మండలం బుద్దారంలో మిద్దె కూలి ఒకే కుటుంబంలోని ఐదుగురు ఆడవాళ్లు చనిపోయారు. దాదాపు ఏడాదికి, 2021 అక్టోబరులో, జోగులాంబ గద్వాల జిల్లా అయిజ మండలం కొత్తపల్లిలో గోడ మీద పడి భార్యాభర్తలు, ముగ్గురు పిల్లలు పోయారు. 2024 జులై మొదటి రోజునే నాగర్‌కర్నూల్ దగ్గర వనపట్లలో ఓ తల్లి, ఆమె ముగ్గురు పిల్లలు మట్టిపెళ్లల కింద ప్రాణాలు వదిలారు. మూడు జిల్లాల్లో మూడు ఇళ్లు, 14 ప్రాణాలు. భూకంపం రాలేదు, తుపాను ఊరి మీద విరుచుకుపడలేదు. ప్రతిసారీ వార్త ఒకే అచ్చులో వచ్చింది: వర్షానికి తడిసి ముద్దయిన ఇల్లు కూలింది. నేరం వాన మీద వేసి, సానుభూతి కుటుంబానికి చెప్పి, ఫైలు మూసేశాం. వాన పడకపోతే కరువన్నాం, పడితే హంతకురాలన్నాం. పాలమూరు వానకు ఎటు తిరిగినా నిందే.

వానకు కూలిందనడం సగం మాటే. పాలమూరు అని పిలుచుకునే ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో ఏడాదికి పడే సగటు వాన 600 మిల్లీమీటర్ల పైచిలుకు. అంత తక్కువ వాన కాబట్టే ఇక్కడివాళ్లు తాటాకూ పెంకూ కాదని, బల్లపరుపు మట్టి మిద్దెను ఎంచుకున్నారు. ఎండాకాలంలో చల్లగా ఉంటుంది, పైన గింజలు ఆరబోసుకోవచ్చు, వెన్నెల్లో పడుకోవచ్చు. పెళపెళా దంచికొట్టి పోయే వానను ఆ మిద్దె తట్టుకుంటుంది. నీళ్లు పైపైన జారి గొట్టం దారిన బయట పడతాయి. దాన్ని చంపేది ముసురు. నాలుగు రోజులు విడవకుండా పట్టిందంటే తడి అంగుళం అంగుళం లోపలికి దిగుతుంది. ఆరిన మట్టిలో రేణువులను ఒకదానికొకటి పట్టి ఉంచేది వాటి మధ్య మిగిలిన పిసరంత తేమే. ఆ తేమ హద్దు దాటితే పట్టు వదులుతుంది, గోడ అడుగు జావ అవుతుంది. అదే సమయంలో పైన బరువు పెరుగుతుంది. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవున్న గది మీద తొమ్మిది అంగుళాల మట్టి ఉందనుకుంటే అది 90 ఘనపుటడుగులు, ఎండి ఉన్నప్పుడే దాదాపు నాలుగు టన్నులు. తడిస్తే ఇంకో అర టన్ను చేరుతుంది. దాన్ని మోసే దూలం కొస గోడలో ఉంటుంది, గాలి తగలని ఆ చోటే ముందు పుచ్చుతుంది, చెదలు పట్టేదీ అక్కడే. కింద గోడ మెత్తబడి, నడుమ దూలం గుల్లబడి, పైన మట్టి బరువెక్కే రాత్రి ఒకటి వస్తుంది. మూడింటిలో రెండు ప్రమాదాలు అక్టోబరులో జరిగాయంటే, వానాకాలమంతా తాగిన నీళ్లు అప్పటికి గోడ గుండెలోకి చేరాయన్నమాట.

ఇదంతా మన పెద్దవాళ్లకు తెలియనిది కాదు. అందుకే ఏటా ఎండాకాలం చివర్లో మిద్దె మీద చౌడు పోసేవాళ్లు. చేలో చౌడు కనిపిస్తే రైతు తలపట్టుకుంటాడు, నీళ్లు ఇంకవు, పైరు ఎదగదు. ఆ దుర్గుణమే మిద్దె మీద సుగుణం. చౌడు మట్టిలో సోడియం లవణాలు ఎక్కువ. తడి తగలగానే బంకరేణువులు విడిపోయి, ఉబ్బి, సందులన్నీ పూడ్చేస్తాయి. పైన పలచటి పొర ఒకటి బిగుసుకుని ఆ తర్వాత వచ్చే నీటిని కిందికి పోనివ్వదు. ప్రయోగశాల లేకుండా నేల గుణం చూసి పట్టుకున్న విద్య ఇది. అయితే ఈ మందుకు పత్యం ఉంది. నిరుటి చౌడు గీకి తీయకుండా దాని మీదే కొత్తది పోస్తూ పోతే ఇరవై ఏళ్లలో దూలం మీద రెట్టింపు బరువు పడుతుంది. వాలు సరిచూడాలి, గొట్టం పూడకుండా తీయాలి, గవాచి (మిద్దెలో వెలుతురు కోసం వదిలిన కంత) చుట్టూ గట్టు కట్టాలి, దూలాన్ని కర్రతో తట్టి చప్పుడు వినాలి. గట్టి కర్ర ఖంగుమంటుంది, పుచ్చినది డొల్లగా పలుకుతుంది. గోడ అడుగున వాన చినుకులు ఎగిరిపడి కోసేసిన చోట, ఉప్పు పూసి పొడిపొడిగా రాలే చోట, జాజు పూసే ముందు మట్టి మెత్తాలి. ఒక ట్రాక్టరు చౌడు, నలుగురు మనుషులు, రెండు రోజులు. మిద్దె ఆయుష్షు ఇంతలోనే ఉంది.

మరి ఎందుకు మానేశారు? సోమరితనమని సులువుగా అనేసేవాళ్లున్నారు. వాళ్లకు పాలమూరు లేబర్ అన్న మాట గుర్తు చేయాలి. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా గుంపు మేస్త్రీ వెంట వెళ్లి మట్టి మోసింది ఈ జిల్లాల మనుషులే. వలస దీపావళి తర్వాత మొదలై వానల ముందు దాకా సాగుతుంది. చౌడు పోయాల్సిన కాలం కూడా సరిగ్గా అదే. ఇంటి దగ్గర ముసలివాళ్లు, పసివాళ్లు ఉంటారు. తట్ట ఎత్తే చేతులు పుణెలోనో ముంబయిలోనో వేరేవాళ్ల పునాదిలో ఉంటాయి. పైగా ఊరుమ్మడిగా ఉన్న చౌడు దిబ్బలు ఇప్పుడు పట్టాలయ్యాయి, ప్లాట్లయ్యాయి. ఊరికే తెచ్చుకునే మట్టికి ఇప్పుడు యజమాని ఉన్నాడు, ట్రాక్టరుకు కిరాయి ఉంది. మట్టిపని తెలిసిన సగర మేస్త్రీల పిల్లలు సెంట్రింగ్ పనికి మళ్లారు. దేశం మట్టికట్టలన్నీ మోసిన మనిషి తన మిద్దె మీదికి నాలుగు తట్టలు ఎత్తలేకపోయాడంటే, అది అతని బద్ధకం కాదు, మనం అతని కాలాన్ని కొనుక్కున్న ధర.

ఇక నేను ఎన్నిసార్లు రాసినా అలసిపోని విషయానికి వస్తాను: సీసీ రోడ్డు. ఊళ్లో రోడ్డు వేయొద్దని కాదు. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్తది పోయొద్దని. ఒక్కో విడత అరడుగు లేస్తుంది. ఒకప్పుడు వీధి నుంచి రెండు మెట్లెక్కి కడప దాటే ఇల్లు, ఇవాళ వీధి నుంచి రెండు మెట్లు దిగాల్సిన ఇల్లయింది. వాన పడగానే వీధి నీళ్లన్నీ కాంక్రీటు మీద ఇంకే దారి లేక మట్టిగోడ కాళ్ల దగ్గర చేరతాయి. పక్కన మోరీ కట్టమంటే అది తర్వాతి విడతలో అంటారు. ఆ విడత వచ్చేసరికి ఇంకో అరడుగు రోడ్డు లేస్తుంది. ఇంటివాడు భయపడి గోడకు సిమెంటు పూత పూయిస్తాడు. అది ఇంకా ముప్పు. మట్టి తడిని పీల్చి మళ్లీ గాలికి వదులుతుంది, సిమెంటు వదలదు. రెండింటికీ పొత్తు కుదరక ఏడాది తిరిగేసరికి పూత బీటలిస్తుంది. ఆ బీటలో దూరిన నీళ్లు బయటికి రాలేవు. బయటికి గోడ పెళ్లికొడుకులా రంగేసుకుని మెరుస్తుంటుంది, లోపల బురద. మట్టిగోడకు మట్టి పూతే పూయాలి. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ దశాబ్దాల కిందటే వానకు కరగని మట్టి పూత తయారుచేసింది. మట్టి, పొట్టు కలిపి నానబెట్టి, కిరోసిన్‌లో కరిగించిన తారు కొంచెం చేర్చి పూయడమే. ఎన్ని మండలాల్లో ఎంతమంది మేస్త్రీలకు దాన్ని నేర్పించాం?

అందరికీ స్లాబు ఇళ్లు కట్టిస్తే గొడవ వదిలిపోతుంది కదా అన్నది మొదటి ఆక్షేపణ. నిజమే, కట్టించాలి. ఇందిరమ్మ ఇళ్ల పథకంలో ఇంటికి 5 లక్షలు ఇస్తున్నారు, మంచిదే. కానీ తొలి విడతలో నియోజకవర్గానికి 3,500 ఇళ్లు. వంతు వచ్చేదాకా మిగతావాళ్లు ఉండేది ఆ మిద్దెల కిందే. రెండో సంగతి, స్లాబుకు చావు లేదని ఎవరు చెప్పారు? మట్టిని చంపేది బయటి నీరైతే, స్లాబును చంపేది లోపలి తుప్పు. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది, చుట్టూ ఉన్న కాంక్రీటును పగలగొట్టుకుని బయటికి వస్తుంది. అందుకే కడ్డీ కింద కనీసం 20 మిల్లీమీటర్ల కాంక్రీటు కప్పు ఉండాలని, కలిపే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదని భారత ప్రమాణాలు చెబుతున్నాయి. మన బోర్లలో ఉప్పునీళ్లకు కొదువ లేదు. బిల్లు బేస్‌మెంటుకు ఒకసారి, గోడలకు ఒకసారి, స్లాబుకు ఒకసారి వస్తుంది కాబట్టి మే నెల ఎండలో స్లాబు పోసి, వారం రోజులు తడపాల్సినదాన్ని రెండు రోజులు తడిపి, ఫొటో తీసి పంపేస్తారు. పాతికేళ్ల తర్వాత కడ్డీలు పళ్లికిలించిన స్లాబు కింద ఇంకో కుటుంబం పడుకుంటుంది, అప్పుడూ ఇదే దండోరా వినిపిస్తుంది. పదార్థం మార్చాం, పట్టించుకోకపోవడం మాత్రం మార్చలేదు.

రెండో ఆక్షేపణ: ఎవరి ఇల్లు వాళ్లు బాగుచేసుకోవాలి, ప్రైవేటు మిద్దె మీద సర్కారు సొమ్ము ఎలా పోస్తారు? ఈ గీత మనం ఎప్పుడో దాటాం. ప్రధానమంత్రి ఆవాస్ ఇల్లు కట్టుకునేవాడికి సొంత ఇంటి పనికే 90 రోజుల కూలి ఉపాధి హామీ నుంచి ఇవ్వడం ఏళ్లుగా నడిచిన పద్ధతే. కొత్త ఇల్లు కట్టుకుంటే కూలి ఇచ్చే చేయి, ఉన్న ఇల్లు కూలకుండా చూసుకుంటే ఎందుకు ముడుచుకుంటుంది? విపత్తు సహాయ నిబంధనల ప్రకారం మనిషి పోతే కుటుంబానికి 4 లక్షలు. పద్నాలుగు మందికి ఆ లెక్కన 56 లక్షలు. ఆ డబ్బుతో ఎన్ని ఊళ్ల మిద్దెల మీదికి ఎన్ని ట్రాక్టర్ల చౌడు ఎక్కేదో ఎవరైనా వేసుకోవచ్చు. నిధి లేదని కూడా అనలేం. పదిహేనో ఆర్థిక సంఘం రాష్ట్రాల విపత్తు నిధిలో 20 శాతాన్ని ముప్పు రాకముందే తగ్గించే పనులకు విడదీసింది. డబ్బు ఉంది, చట్టం ఉంది, మట్టి ఉంది. చౌడు తట్టకు పద్దు మాత్రం లేదు.

పద్దు ఎందుకు లేదంటే దానికి శిలాఫలకం లేదు కనుక. ఇది మిద్దెలతో ఆగే జబ్బు కాదు. వనపర్తి దగ్గరి సరళాసాగర్ ప్రాజెక్టుకు 1949లో శంకుస్థాపన జరిగింది, 1959లో ప్రారంభోత్సవం. దాని సైఫన్ల గురించి ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాం. 2019 డిసెంబరు 31న తెగింది ఆ సైఫన్లు కాదు, పక్కనున్న మామూలు మట్టికట్ట. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాంలో 19వ గేటు కొట్టుకుపోయింది ఒక గొలుసు తెగి. కింద రాజోలిబండ మళ్లింపు పథకం (ఆర్డీఎస్) నీళ్ల మీద బతికే అలంపురం రైతు వారం రోజులు నిద్రపోలేదు. 2025 జూన్‌లో జూరాల గేట్ల రోపులు దెబ్బతిన్నాయన్న వార్త విన్నాం. కోట్ల ప్రాజెక్టులు గ్రీజు డబ్బా దగ్గర, రంగు డబ్బా దగ్గర ఓడిపోతున్నాయి. గ్రీజు పూసిన రోజున రిబ్బను కత్తిరించరు, చౌడు పోసిన రోజున కొబ్బరికాయ కొట్టరు.

కాబట్టి అడిగేది చిన్నదే. ఫిబ్రవరిలో ప్రతి గ్రామ పంచాయతీ మట్టి మిద్దెల జాబితా రాసి, దూలాలు తట్టి చూసి, ఏది నిలుస్తుందో ఏది నిలవదో తేల్చాలి. నిలవనిదాన్ని ఇందిరమ్మ వరుసలో ముందుకు జరపాలి, అప్పటిదాకా ఆ కుటుంబానికి అద్దె ఇవ్వాలి. నిలిచేదానికి ఏప్రిల్, మే నెలల్లో ఉపాధి కూలీలతో చౌడు పోయించాలి, గోడ అడుగు మెత్తించాలి. దండోరా కూడా వేయించండి, వద్దనం. కాకపోతే రోహిణి కార్తెలోనే వేయించండి, మాట మార్చి: రేపు మీ వీధికి చౌడు ట్రాక్టరు వస్తోంది, తట్టా పారా సిద్ధం చేసుకోండి.