పెంట మోసింది మనం, రైతు పేరు వాళ్ళదా?

ఇప్పుడు ఏ మీటింగుకెళ్ళినా ప్రకృతి సేద్యం మాటే. యూరియా వద్దు, పురుగుమందు వద్దు, నేలతల్లిని బతికించుకుందాం అంటున్నారు. 2024 నవంబర్ 25న కేంద్ర మంత్రివర్గం జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్‌కి 2,481 కోట్ల రూపాయలు ఒప్పుకుంది. ఏడున్నర లక్షల హెక్టార్లు, కోటి మంది రైతులు అని లెక్క చెప్పింది. ఆంధ్రలో ఈ పని 2016 నుంచే నడుస్తోంది.

మంచిదే. మనం దీనికి అడ్డం కాదు. మందు డబ్బా వీపున కట్టుకుని, ముక్కుకి గుడ్డ కూడా లేకుండా పత్తి చేలో తిరిగేది మన పిల్లలే. 2017లో మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో మందు కొడుతూ కొడుతూ విషమెక్కి చచ్చిపోయినోళ్ళలో కూలోళ్ళూ ఉన్నారు. కాబట్టి ఈ విషం పోవాలని అందరికంటే ముందు అడగాల్సింది మనమే.

కానీ ఒక్క మాట తేల్చాలి. ఆ కోటి మంది రైతులెవరు?

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో దళితులం నూటికి 16 మందికి పైనే. 2015-16 వ్యవసాయ గణన తీసి చూస్తే, సాగుభూమిలో మన చేతికింద ఉన్నది నూటికి తొమ్మిది పాళ్ళు కూడా లేదు. మిగతా భూమిలో దుక్కి దున్నేదీ నాట్లేసేదీ కలుపు తీసేదీ మనమే. కానీ పాసుపుస్తకం లేనోడు సర్కారు లెక్కలో రైతు కాడు. 2019లో మొదలైన పీఎం కిసాన్ ఏడాదికి 6 వేలు ఇస్తోంది. అదీ భూమి ఎవరి పేరున ఉంటే వాళ్ళకే. కౌలుదారుకి పైసా రాదు. అదే ఏడాది ఆంధ్రలో కౌలుదారుల కోసమంటూ తెచ్చిన చట్టం కార్డుకి ఆసామి సంతకం అడిగింది. సంతకం పెడితే భూమి పోద్దేమోనని ఆసామి భయం. సంతకం అడిగితే కౌలే పోద్దని మన భయం.

ప్రకృతి సేద్యానికి దీంతో ఏం పని అనొచ్చు. అసలు పని ఇక్కడే ఉంది. యూరియా చల్లితే ఆ పంటకే ఫలితం కనపడుద్ది. పేడ, ఆకు, పప్పుజాతి పైర్లతో నేల బాగుపడాలంటే మూణ్ణాలుగేళ్ళు కావాలి. మన కౌలు ఏడాదికి ఒకసారి తెగేది. మనం చెమటోడ్చి చవుడు నేలని చక్కబరిస్తే వచ్చే ఏడు ఆసామి కౌలు పెంచుతాడు, లేదా చేను లాక్కుంటాడు. అలాంటప్పుడు వాడి మన్నుకి మనం ఎందుకు ప్రాణం పోయాలి? దున్నేవాడికి భూమ్మీద భరోసా లేకుండా సేద్యం మారదు. నీతులు చెబితే అసలే మారదు.

ఇంకోటి చూడండి. ఎకరానికి జీవామృతం కలపాలంటే 200 లీటర్ల నీళ్ళు, పది కిలోల పేడ, ఆవు పంచితం, రెండేసి కిలోల బెల్లం, శనగపిండి కావాలి. గొడ్డు లేనోడికి పేడెక్కడిది? గొడ్డుని మేపుకుందామంటే ఊరి పోరంబోకు మోతుబరుల కంచెల్లోకి పోయింది. కలుపుమందు మానేస్తే నడుం వంచాల్సింది మన ఆడోళ్ళే. పని పెరిగినప్పుడు కూలీ పెరగొద్దా?

ఆవు మహిమ చెప్పే పెద్దలు 2016 జులైలో గుజరాత్‌లోని ఊనాని గుర్తుచేసుకోవాలి. చచ్చిన ఆవు తోలు తీశారని మన పిల్లల్ని బట్టలూడదీసి కొట్టారు. ఆ దెబ్బలకి అక్కడి దళితులు చెప్పిన జవాబేమిటి? ఆవు తోక మీ దగ్గరే పెట్టుకోండి, మా భూమి మాకివ్వండి అన్నారు. మన మాటా అదే.

చేయలేమేమోనన్న అనుమానం వద్దు. జహీరాబాద్ దగ్గర డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని మన అక్కచెల్లెళ్ళు 1980ల నుంచి చేసి చూపిస్తున్నారు. బీడుపడ్డ ఎర్రనేలల్లో జొన్న, కొర్ర, కంది కలిపేసి, విత్తనం ఇంట్లోనే దాచుకుని, ఊరి గింజలతో ఊరి ఆకలి తీర్చారు. వాళ్ళలో ఎక్కువమంది దళితులే. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వాళ్ళకి ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. వాళ్ళకి ఆ తెలివి ఏ ఆఫీసరూ నేర్పలేదు. కాస్త నేల, ఒక సంఘం దొరికితే చాలు, మన చేతుల్లో ఉన్న విద్య బయటికొస్తుంది.

అందుకే మేం అడుగుతున్నాం. మిషన్ జాబితాలో కౌలుదారునీ కూలినీ రైతుగా రాయాలి. ఆసామి సంతకం అడగకుండా, కనీసం ఐదేళ్ళు కదలని కౌలు హక్కు ఇవ్వాలి. అన్యాక్రాంతమైన అసైన్డు భూములు 1977 చట్టం ప్రకారం మన చేతికి తిరిగి రావాలి. ఊరి మేత పోరంబోకు కంచెల్లోంచి బయటికి రావాలి. కలుపు కూలీ పెరగాలి.

వచ్చే గ్రామసభకి వాడంతా కదిలిపోదాం. మన ఊళ్ళో ప్రకృతి సేద్యం రైతుల పేర్లు చదవమని అడుగుదాం. చివరి పేరు దాకా విందాం. తరతరాలుగా పెంట తట్ట మోసిన తల ఒక్కటి కూడా అందులో లేకపోతే, లేచి నిలబడి అడుగుదాం.